పీట మీది చెప్పులు

పొద్దున్నే మొదటి అడుగు వేయాలంటే సుంకన్నకు భయం.

పడుకున్నంతసేపు ఏమీ ఉండేది కాదు. చాప మీద నుంచి లేచి కుడికాలు నేలకు ఆన్చగానే మడమ కింద మేకు దిగినట్టు ఉండేది. గోడ పట్టుకుని కాస్త అటూ ఇటూ తిరిగితే సర్దుకునేది. ఎండ ఎక్కేసరికి మళ్ళీ మొదలయ్యేది.

గురువు కదిరప్ప తాత నడిపే మఠంలో చేరకముందు సుంకన్న బట్టల కొట్లో గుమాస్తా. ఏళ్ళ తరబడి నిలబడి గుడ్డ కొలిచాడు. అప్పుడు నిలబడ్డ పుణ్యమో, ఇప్పుడు మోస్తున్న బరువు పుణ్యమో, మొత్తానికి మడమ పట్టుకుంది.

బరువంటే నీళ్ళ బరువు. మఠం కొండ కింద ఉంది. కొండెక్కి కనుమ దాటితే అవతల సంత జరిగే ఊరు. ఆ దారిలో ఎక్కడా చుక్క నీరు దొరకదు. అందుకని ఎండాకాలం వస్తే తాత కనుమ దగ్గర చలివేంద్రం పెట్టిస్తాడు. కింద బావిలో తోడి, రెండు బిందెలు కావడిలో పెట్టుకుని పైకి మోయాలి. ఆ పని తాత సుంకన్నకు ఇచ్చాడు. సుంకన్నకు ప్రాణమంతా ఆ కావడి మీదే. నొప్పి సంగతి తెలిస్తే తాత దాన్ని ఇంకొకరి భుజానికి మారుస్తాడని దిగులు.

అందుకే గుట్టుగా వైద్యం చేసుకున్నాడు. ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాలు పెట్టుకున్నాడు. ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమకు కాపడం పెట్టుకున్నాడు. పెట్టుకున్నంతసేపూ హాయిగా ఉండేది. తెల్లారితే మేకు మళ్ళీ అక్కడే ఉండేది.

చివరికి ధర్మవరం పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. "ఒట్టి కాళ్ళతో తిరగొద్దు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకో. మడమ కింద కాస్త ఎత్తుండాలి, అరికాలి వంపును గట్టిగా పట్టి నిలపాలి. అట్లాంటివి చూసుకో" అన్నాడు డాక్టరు.

అంత చెప్తే సుంకన్న చెవికి ఎక్కింది చెప్పులు అన్న మాట ఒక్కటే. బజారులో వేలితో నొక్కి నొక్కి చూసి, ఉన్నవాటిలోకి మెత్తటివి కొన్నాడు. ఊరికే నడిస్తే దూది మీద నడిచినట్టే ఉంది. కావడి ఎత్తుకుంటే మాత్రం మడమ కింద అణిగిపోయి కాలు పక్కకు ఒరిగిపోయేది. నొప్పి రెట్టింపయింది. విసుగొచ్చి వాటిని అటక మీదికి విసిరేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. "ఇది తాత నడిచిన కొండ. దీని మీద నేను చెప్పులు వేసుకోను" అని వ్రతం పట్టాడు. తాత ఆ కొండ మీద చెప్పులు వేసుకునే నడుస్తాడన్న సంగతి సుంకన్న వ్రతానికి అడ్డం రాలేదు.

అసలు తాతకూ ఒకప్పుడు ఇదే నొప్పి. కదిరిలో చెప్పులు కుట్టేవాడి పక్కన కూర్చుని, ఇక్కడ ఎత్తు పెట్టు, అక్కడ లోతు తియ్యి అని చెప్పి చెప్పి ఒక జత కుట్టించుకున్నాడు. అడుగున టైరు, పైన దళసరి తోలు. మడమ కుదురుకునేందుకు లోతు, అరికాలి వంపు కింద గట్టి ఎత్తు, వెనకనుంచి పట్టి ఉంచే తోలు పట్టీ. నొప్పి పోయాక తాత మామూలు చెప్పులకు మారాడు. ఆ పాత జతను సుంకన్న బతిమాలి అడుక్కుని, తన గదిలో పీట మీద ఎర్ర గుడ్డ పరిచి పెట్టుకున్నాడు. రోజూ పసుపు, కుంకుమ, గన్నేరు పూలు.

నొప్పి వచ్చిన దగ్గర నుంచి పూలు ఎక్కువయ్యాయి. "సామీ, ఈ మడమ నొప్పి తీసెయ్యి" అని ఆ చెప్పులకే మొక్కేవాడు. మొక్కి, గోడ పట్టుకుని లేచి, ఒట్టి కాళ్ళతో కుంటుకుంటూ బావికి పోయేవాడు.

కుంటితనం ఎన్నాళ్ళు దాగుతుంది? జనం చూడనే చూశారు. "కాలు అంత నొస్తాన్నా మన కోసరం మోస్తాండాడు, ఎంత పుణ్యాత్ముడో" అన్నారు. తాత చూసి కూడా ఏమీ అనలేదు. కావడి పోలేదు సరికదా, పేరు కూడా వచ్చింది. మొదట్లో సుంకన్న సిగ్గుపడ్డాడు. తర్వాత్తర్వాత దారిలో ఎవరైనా ఎదురైతే కుంటు ఒక పిసరు ఎక్కువయ్యేది. కావాలని చేశాడని నేననను. కానీ ఎక్కువయ్యేది.

ఒక కాలు బరువుగా, ఒక కాలు తేలిగ్గా వేసేవాడి భుజం మీద కావడి తిన్నగా ఉండదు. అడుగడుక్కూ ఊగేది, బిందెలు తొణికేవి. కింద నిండుగా బయలుదేరిన నీళ్ళు పైకి చేరేసరికి అడుగంటేవి. కొండ మీది మేకలు ఆ దారి కనిపెట్టి, తడి రాళ్ళు నాకుతూ ఆయన వెనకే నడిచేవి. మూగజీవాలు కూడా తాగుతున్నాయి కదా అని సుంకన్న సంతోషించేవాడు.

ఒక సంతరోజు తాత తన చేతికర్ర తీసుకుని ఆయన వెనకే కొండెక్కాడు. సుంకన్న ఈరోజుతో కావడి పోయిందనుకున్నాడు. తాత మాత్రం దారి పొడుగునా నేల చూసుకుంటూ వచ్చాడు.

కనుమ దగ్గర పందిరి కింద ఈరమ్మ అనే ముసలామె చింతపండు మూట దించుకుని కూర్చుని ఉంది. ఆమె పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఆమెకు ముందు వచ్చినవాళ్ళు కుండ ఖాళీ చేసి పోయారు.

"నీళ్ళు తెచ్చినావా నాయనా?" అంది.

సుంకన్న బిందెలు కుండలో వంపాడు. కుండ సగం కూడా నిండలేదు. అంతలోనే సంతకు పోయే ఒక గుంపు పిల్లాజెల్లాతో వచ్చి పందిరి కింద చేరింది. ఈరమ్మ పిల్లలను ముందుకు తోసి, "వాళ్ళకు పొయ్యి నాయనా, ముందు వాళ్ళకు పొయ్యి" అంది. పెద్దవాళ్ళు తలా ఒక గుక్క తాగారు. చివరికి ఈరమ్మ దోసిట్లో పడింది పెదాలు తడుపుకునేంత.

ఆమె ఆ తడి చేతులతోనే వంగి సుంకన్న కుడికాలు ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

"కాలు నొస్తాన్నా మా కోసరం ఎక్కుతాండావు. నీ కడుపు సల్లగుండ. నేనీడనే కూచుంటాలే, నువ్వు మల్లా వచ్చేదాకా. నాలుక పిడచ కట్టుకపోయింది, ఇట్ల ఎండలో దిగలేను."

సుంకన్న కళ్ళు చెమర్చాయి. తన వ్రతం ఫలించిందనుకున్నాడు. తాత ఒకసారి కుండలోకి తొంగిచూసి, వెనక్కి తిరిగి కొండ దిగడం మొదలుపెట్టాడు. సుంకన్న ఖాళీ కావడితో వెంట నడిచాడు.

బావి దగ్గరికి వచ్చాక తాత గట్టు మీద కూర్చున్నాడు.

"నీ గదిలో పీట మీద నా చెప్పులుండాయి గదా. తీసుకరా."

సుంకన్నకు ఒళ్ళు పులకరించింది. తాత తన బాధ చూశాడు, ఆ పాదుకలతో ముట్టి నొప్పి తీసేస్తాడు. గబగబా పోయి, చెప్పులను పూలతో సహా ఎర్ర గుడ్డలో పెట్టుకుని, నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తాత ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"నొప్పి యాడరా?" అన్నాడు తాత.

"మడమలో సామీ."

"తలలో ఏమీ లేదు గదా?"

"లేదు సామీ."

"మరి ఆడెందుకు పెట్టుకున్నావు? దించు."

సుంకన్న దించాడు. తాత పూలు తీసి గట్టు మీద పెట్టాడు. పై కండువాతో పసుపూ కుంకుమా తుడిచాడు. అట్టలుగా పేరుకున్న చోట గోటితో గీకాడు. తర్వాత గట్టు దిగి, నేల మీద గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు.

"కాలియ్యి."

గురువు నేల మీద, తన కాలు ఆయన చేతిలోనా! సుంకన్న వెనక్కి జరగబోయాడు. తాత అప్పటికే చీలమండ పట్టుకున్నాడు. బొటనవేలితో మడమ కింద లోపలివైపు నొక్కాడు.

"ఈడనా?"

"అమ్మా!"

"ఈడనే." తాత ఆ కాలు తీసి చెప్పులో పెట్టాడు. మడమ లోతులో కుదిరిందో లేదో వేలు పెట్టి చూశాడు. పట్టీ లాగి బిగించాడు. "నిలబడు. కాలు పక్కకు పోతాందా?"

పోవడం లేదు. మడమ కింద మేకు లేదని కాదు, ఉంది. కానీ కాలు అరికాలంతటి మీద నిలబడింది. ఇన్నాళ్ళూ బరువంతా ఎక్కడ పడుతూ వచ్చిందో సుంకన్నకు అప్పుడు తెలిసింది.

"ఒక్క దినంలో పోదు. నాకు రెండు ఎండాకాలాలు పట్టింది. రేపట్నుంచి వీటిని పీట మీద పెట్టొద్దు, చాప పక్కన పెట్టుకో. లేస్తూనే తొడుక్కుని నిలబడు."

సుంకన్న ఏడుపు ఆపుకోలేకపోయాడు. "నీ చెప్పుల్లో నా కాలు పెడితే నరకానికి పోతా సామీ."

"పోదువులే. ఆడికైనా నడిచే గదా పోవాల."

"వద్దు సామీ. నీకు దండం పెడతా. కావడి తీసుకుంటే తీసుకో, ఇది మాత్రం చేయలేను."

"నాకెందుకురా కావడి? నా భుజం ముసలిది."

"అయితే నన్నిట్లనే మొయ్యనీ. నొప్పి నాది. నేను ఓర్చుకుంటా."

తాత లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. రెండో చెప్పు ఇంకా నేల మీదే ఉంది. దాన్ని ఆయన ముట్టుకోలేదు. చేద బావిలోకి వదిలి, తోడి, బిందెలో పోశాడు. మళ్ళీ వదిలాడు. రెండు బిందెలూ అంచుల దాకా నింపి, కావడికి తగిలించి, చేతులు తుడుచుకున్నాడు.

"నొప్పి నీదే" అన్నాడు. "నీళ్ళు ఎవురివి?"

సుంకన్న కొండ వైపు చూశాడు. ఎండలో కనుమ దగ్గరి పందిరి చిన్నగా కనిపిస్తోంది. దాని కింద మనిషి ఉన్నదీ లేనిదీ అక్కడి నుంచి తెలియదు.

సుంకన్న వంగి, రెండో చెప్పు తనే తొడుక్కుని, పట్టీ బిగించి, కావడి భుజానికెత్తుకున్నాడు.