కోకిలకు ఇద్దరు వారసులు

ఒకానొక రాజ్యంలో రాజుగారికి కిరీటం ఉంది, సింహాసనం ఉంది, కొలువు ఉంది, కంప్యూటరు కూడా ఉంది. రాజుల కాలంలో కంప్యూటరెక్కడిదని అడిగేవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు. కూర్చున్నవాళ్ళకే ఈ కథ.

ఆ రాజ్యం పేరు మేఘవరం. ఆ కంప్యూటరు పేరు కోకిల. రాజు రణధీర భూపతి తాతగారి హయాంలో దాన్ని ఆ ఊళ్ళోనే, ఒక కార్ఖానాలో తయారుచేశారు. అంత ముద్దొచ్చే యంత్రం అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. మీట నొక్కగానే ఒక్క కూత కూసి మేలుకునేది. నేతగాళ్ళు దాని మీద చీర అంచులు గీసుకునేవారు. సంగీతం పంతుళ్ళు దానిచేత వర్ణాలు పలికించేవారు. కరణాలు లెక్కలు చూసుకున్నట్టు నటిస్తూ పులిజూదం ఆడుకునేవారు.

దానితో ఒక్కటే పేచీ. రాత్రి చల్లబడ్డాక లోపలి పలక ఒకటి గాడిలోంచి కాస్త పైకి లేచేది. మర్నాడు మీట నొక్కితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఎడమ పక్కన అరచేత్తో ఒక్కటి తడితే పలక సర్దుకునేది, కోకిల కూసేది. మేఘవరంలో పసిపిల్లలకు కూడా ఆ కిటుకు తెలుసు.

కాలం గడిచి కార్ఖానా మూతబడింది. అందులో పనిచేసిన నాగాంబ ఉన్నదంతా ఊడ్చిపెట్టి కోకిల అనే పేరును, దాని రాజముద్రను కొనుక్కుని ‘నవకోకిల’ను తయారుచేసింది. ఆమె పక్కనే కూర్చుని పనిచేసిన మాచనకు పేరూ దక్కలేదు, ముద్రా దక్కలేదు. అతను పాత కోకిల గుట్టంతా మనసులో పెట్టుకుని ‘వసంతం’ అనే యంత్రాన్ని తయారుచేశాడు. రెండూ చక్కని యంత్రాలే. పాత పాటలు రెండింటి మీదా పలికేవి, పాత బొమ్మలు రెండింటి మీదా కదిలేవి. ఒకప్పుడు అక్కా, తమ్ముడూ అని పిలుచుకున్న ఆ ఇద్దరి మధ్యా మాత్రం మాటల్లేవు.

ఊరు రెండుగా చీలింది. “పేరు లేని వారసుడేమిటయ్యా?” అని ఒక వర్గం. “పేరు కొనుక్కుంటే వారసులైపోతారా?” అని రెండో వర్గం. పెళ్ళి భోజనాల్లో పప్పు వడ్డించేలోగా తగువు మొదలయ్యేది. రాజుగారు పుట్టినరోజు నాడు ఏనుగెక్కి ఊరేగుతుంటే, జనం ఆయనకు వీపు పెట్టి నవకోకిలా, వసంతమా అని వాదించుకున్నారు.

రణధీర భూపతికి ఒళ్ళు మండిపోయింది. ఆయన బిరుదులు చదవడానికే కొలువులో ఒక ఝాము పట్టేది. అందులో ‘సర్వయంత్ర సార్వభౌమ’ ఒకటి. వెంటనే దండోరా వేయించారు. కోకిలకు ఒక్కరే వారసులు. ఆ ఒక్కరెవరో కొలువులో తేలుస్తారు. కాదని తేలినవాళ్ళు కార్ఖానాకు తాళం వేసి రాజ్యం విడిచిపోవాలి.

ఆ మాట విన్నప్పటి నుంచి విదూషకుడు వల్లభయ్యకు అన్నం సయించలేదు. పాత కోకిల మీద పద్యాలు కూర్చుకుంటూ పెరిగినవాడాయన. నాగాంబ పట్టుదలంటే ఆయనకు గౌరవం, మాచన పనితనమంటే ప్రాణం. ఇద్దరిలో ఎవరు పొలిమేర దాటినా కోకిలలో సగం ప్రాణం పోయినట్టేనని బాధపడ్డాడు.

తీర్పు రోజు రానే వచ్చింది. కొలువు కిక్కిరిసింది. రాజుగారు విచ్చేసి, సింహాసనం కుడిచేతి మీద మూడుసార్లు తట్టి, ఆసీనులయ్యారు. వల్లభయ్య చూపు ఆ చేతి మీద ఒక్క క్షణం నిలిచింది.

“ముద్ర నా దగ్గరుంది ప్రభూ. దాని కోసం నా పుస్తెలతాడు కూడా అమ్ముకున్నాను,” అంది నాగాంబ.

“ముద్ర ఆవిడ దగ్గరే ఉండనివ్వండి ప్రభూ. కోకిల గొంతు నా దగ్గరుంది,” అన్నాడు మాచన.

రాజుగారికి ఏమీ అంతుపట్టలేదు. అంతుపట్టలేదని ఒప్పుకోవడం ఆయన బిరుదులకు సరిపడదు. మీసం దువ్వుతూ చుట్టూ చూశారు.

“ఏం వల్లభయ్యా, ఊరికే కూర్చుని జీతం తింటున్నావు. అసలు వారసులెవరో నువ్వు తేల్చు చూద్దాం. తేల్చలేకపోయావో, వీళ్ళలో ఒకరితో పాటు నువ్వూ మూట కట్టుకో!”

“చిత్తం మహాప్రభూ. ముందు వాళ్ళ యంత్రాలను మేలుకొలపమని సెలవివ్వండి.”

నాగాంబ ముందుకొచ్చింది. నవకోకిల ఎడమ పక్కన అరచేత్తో ఒక్కటి తట్టి మీట నొక్కింది. అది కూసింది. మాచన కూడా వసంతం ఎడమ పక్కన తట్టి మీట నొక్కాడు. అదీ కూసింది.

“ఆగండాగండి,” అన్నారు రాజుగారు. “ఆ దెబ్బ ఎందుకు? లోపల ఏదైనా వదులుగా ఉందా?”

నాగాంబ ముఖం ఎర్రబడింది. “అయ్యో, లేదు ప్రభూ. అంతా గట్టిగా అతికించాను.”

“నాదాంట్లోనూ వదులన్నది లేదు ప్రభూ,” అన్నాడు మాచన తల గోక్కుంటూ.

వల్లభయ్య వినయంగా వంగాడు. “వీళ్ళ మాటలకేం గాని, సర్వయంత్ర సార్వభౌములు తమరుండగా ఇంకొకరి సాక్ష్యం దేనికి? తమరే దిగివచ్చి స్వయంగా పరీక్షించండి.”

అంతకంటే ఏం కావాలి! రాజుగారు ఠీవిగా మెట్లు దిగి వచ్చారు. రెండు యంత్రాల మూతలూ తీయించి లోపల వేలు పెట్టి కదిపి చూశారు. ఒక్క పలకా కదల్లేదు. ఆయనకు నవ్వాగలేదు.

“విన్నారా సభవారూ! తాతల నాటి యంత్రంలో పలక లేచేది, తట్టేవారు. సరే. కొత్తదాంట్లో ఏదీ కదలదు, అయినా తడుతున్నారు. వదులు లేనిదాన్ని తట్టేవాణ్ణి ఏమంటాం? మూర్ఖుడంటాం! ఈ ఇద్దరూ వారసులు కారు, వట్టి మూర్ఖులు. ఇద్దర్నీ పొలిమేర దాటించండి!”

నాగాంబ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఆమె మాచన వైపు చూసింది. అతనూ ఆమె వైపే చూస్తున్నాడు.

రాజుగారు విజయగర్వంతో మెట్లెక్కారు. సింహాసనం కుడిచేతి మీద మూడుసార్లు తట్టి, కూర్చున్నారు.

సభలో ఎవరో ఫక్కున నవ్వబోయి, తలపాగా కొస నోట్లో కుక్కుకున్నారు.

“మహాప్రభూ, ఒక్క సందేహం,” అన్నాడు వల్లభయ్య. “తాతగారి కర్ర సింహాసనానికి కుడిచెయ్యి వదులుగా ఉండేది. మేకు దిగడానికి ఆయన మూడుసార్లు తట్టి కూర్చునేవారు. తమరిది ఏకంగా పోతపోసిన బంగారు సింహాసనం. దీంట్లో ఏ మేకు లేచిందండీ?”

మీసం దువ్వబోయిన రాజుగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పట్టాభిషేకం నాటి నుంచీ తడుతూనే ఉన్నారు. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

“అంటే... నన్ను మూర్ఖుడంటావా?” అని గర్జించారు.

“శివశివా! ఆ మాట నేననలేదు, ఇప్పుడే ప్రభువులు సెలవిచ్చారు. నేనైతే అలా అనను. ఆ తట్టడం తమకు ఎవరు నేర్పారో ఒక్కసారి గుర్తు చేసుకోండి.”

 ఒకప్పుడు తాతగారు రాజుగారిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ చిట్టి అరచెయ్యి పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అంటూ తట్టించేవారు. అది గుర్తొచ్చేసరికి ఆయన సింహాసనం చేతిని మెల్లగా నిమిరారు.

“మా తాతగారు నేర్పారు.”

“కిరీటం ఎవరైనా గెలుచుకోవచ్చు ప్రభూ. ఆ తట్టు మాత్రం తాతగారి ఒళ్ళో పెరిగినవాళ్ళకే వస్తుంది. పొరుగు రాజ్యమేలే తమ పినతండ్రిగారి అబ్బాయి కూడా తట్టే కూర్చుంటారట. అంతమాత్రాన ఇద్దరిలో ఎవరో ఒకరు తాతగారి మనవడు కాకుండా పోతారా? వీళ్ళకు కోకిల మీద ఎంత ప్రేమో చూడండి. దాని గొంతునే కాదు, దాని జబ్బును కూడా వదులుకోలేకపోయారు. వారసులెవరో తేల్చమన్నారు. తేల్చాను, ఇద్దరూను.”

రాజుగారు వల్లభయ్య వంక చూశారు, తన చేతి వంక చూసుకున్నారు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. చివరికి కిరీటం చేత్తో పట్టుకుని పగలబడి నవ్వారు. సభంతా నవ్వింది.

“రెండు కార్ఖానాలూ ఉంటాయి. ఊరు ఇష్టం వచ్చినట్టు వాదించుకోనీ. నా ఊరేగింపు రోజు మాత్రం కాస్త ఇటు తిరగమనండి! వల్లభయ్యా, ఈ ముత్యాల హారం నీది.”

“హారం వద్దు ప్రభూ. కోట కొట్టులో తాతగారి కోకిల దుమ్ముకొట్టుకుపోతోంది. అదిప్పించండి చాలు.”

బంట్లు దాన్ని మోసుకొచ్చి సభ మధ్యలో పెట్టారు. వల్లభయ్య మీట నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“మెల్లగా తమ్ముడూ, పాతది!” అంటూ నాగాంబ చెయ్యి చాచింది. “నాకు తెలుసులే అక్కా,” అంటూ మాచన చెయ్యి చాచాడు. వాళ్ళ చేతులు చేరేలోపే, సింహాసనం మెట్లు గబగబా దిగివచ్చిన చెయ్యి ఒకటి ఎడమ పక్కన చటుక్కున తట్టింది. ఆ చేతి వేలికి రాజుగారి ఉంగరం ఉంది.

కోకిల కూసింది.

“సర్వయంత్ర సార్వభౌములన్న బిరుదు ఇవాళ్టికి సార్థకమైంది ప్రభూ,” అన్నాడు వల్లభయ్య. రాజుగారు మళ్ళీ నవ్వి, ఆ ముత్యాల హారం కూడా ఆయన మెళ్ళో వేశారు.

మేఘవరంలో నవకోకిలా, వసంతమా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. కాకపోతే రెండు వర్గాలవాళ్ళూ మీట నొక్కే ముందు ఎడమ పక్కన ఒక్కటి తడతారు.