ప్రధానిగారి బుట్ట

మణికేతు మహారాజుకు అరవయ్యో ఏట కుండ చెయ్యాలని బుద్ధి పుట్టింది. చేశాడు. కుండ ఒక పక్కకు ఒరిగింది, నీళ్లు పోస్తే కారింది. అయినా ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"జుట్టు నెరిసినవాళ్లందరూ ఏదో ఒక పని నేర్చుకోవలసిందే!" అని కోట పక్కనున్న మండపం తెరిపించాడు. సాయంత్రాలు పెద్దవాళ్లు అక్కడ బుట్టలల్లేవారు, చాపలు నేసేవారు. అల్లిక నేర్పే గురువు, వాళ్ల చేతులు పనిలో ఉండగా, ఆ రాజ్యం చరిత్ర కూడా చెప్పేవాడు.

ప్రధాని భూపతయ్యకు ఆ మండపం మీద కన్ను. తన కొత్త పల్లకీ పెట్టుకోవడానికి చోటు కావాలి.

"ప్రభూ, తల నెరిశాక బుర్రలోకి కొత్తది ఎక్కదు. తమ కుండే చూడండి!"

రాజు మొహం చిన్నబోయింది. "సరే. ముసలివాళ్లలో ఒక్కరైనా కొత్తగా పని నేర్చినట్టు పున్నమినాటికి రుజువు కావాలి. లేదంటే మండపం నీ పల్లకీకే."

ఈ మాట మండపంలో బుట్టలల్లడం నేర్చుకుంటున్న మల్లమ్మ అవ్వ చెవిన పడింది. మొగుడు పోయాక ఆమె మళ్లీ నవ్వింది ఆ మండపంలోనే. రాజుకు తాంబూలం అందించే తిప్పన దగ్గరికి పరుగెత్తింది.

"మూసేస్తారటగా నాయనా?"

"నువ్వు అల్లుతూ ఉండు అవ్వా. ప్రధానిగారు వచ్చి ఎంత వెక్కిరిస్తే మనకంత మంచిది."

ప్రధాని రోజూ వచ్చాడు. స్తంభానికి ఆనుకుని తప్పులు పట్టాడు.

"ఏయ్ ముసలమ్మా! నిలువు వెదురుబద్దలు బేసి సంఖ్యలో ఉండాలని గురువు ఇందాకేగా చెప్పాడు? ఇటు తే!" అని లాక్కుని, తానే దిద్ది, ఆమె ముందు పడేసేవాడు.

పున్నమినాడు సభలో మల్లమ్మ చక్కని బుట్ట తెచ్చి పెట్టింది.

"ఇదేం రుజువు? చిన్నప్పుడే నేర్చుకుని ఉంటుంది," అన్నాడు ప్రధాని.

తిప్పన తలూపాడు. "ఆ మాట ఎవర్నైనా అనొచ్చు. తమరూ చిన్నప్పుడు బుట్టలల్లారేమో!"

"నేనా? కత్తీ ఘంటమూ తప్ప ఇంకేదీ పట్టకుండా పెరిగిన చేతులయ్యా ఇవి! మా అమ్మ తోడు!"

"అయితే అవ్వా, ప్రభువు ఎదుటే ఇంకోటి మొదలుపెట్టు."

తిప్పన ముందే చెప్పినట్టు, అవ్వ కావాలనే ఒక బద్ద తక్కువ పరిచింది. అల్లడం మొదలుపెట్టింది. ప్రధాని మీసం అదిరింది.

"ఒక బద్ద తగ్గింది తల్లీ! రెండో వరస మొదటి వరసలాగే పడుతోంది, కనిపించడం లేదూ?"

అవ్వ వినిపించనట్టే అల్లుకుపోయింది. ప్రధానికి ఒళ్లు మండిపోయింది. పట్టు ఉత్తరీయం పక్కన పారేసి, నేల మీద చతికిలబడి, ఇంకో బద్ద దూర్చి, చకచకా అల్లి పైకెత్తి చూపించాడు.

"ఇదీ అల్లికంటే!"

తిప్పన రాజుకు తాంబూలం అందిస్తూ అన్నాడు:

"ప్రభూ, తమరడిగిన రుజువు నేల మీద కూర్చుని ఉంది. మీసం కూడా తెల్లగానే ఉంది."

సభ గొల్లుమంది. రాజు కళ్లనీళ్లు తుడుచుకుంటూ తన కంకణం తీసి తిప్పన చేతికి తొడిగాడు.

"మండపం అవ్వవాళ్లదే! పల్లకీ కూడా అక్కడే ఉంటుంది, నడవలేని ముసలివాళ్లను మోసుకురావడానికి!"

ప్రధాని సిగ్గుతో లేవబోయాడు. మల్లమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అంచు కట్టకుండా లేస్తారేం బాబుగారూ?"