రోకలి పాడిన పాట

కరువు రోజుల్లో కొండవాగు సంస్థానంలో పోలయ్య అనేవాడు ఒక పాట కట్టాడు: "గాదెల నిండా వడ్లుండె, మా గంజికి గింజ కరువాయె!" ఊరంతా అందుకుంది. ఆ గాదెలు కోటవే కావడంతో దివానుకు ఒళ్లు మండిపోయింది. ఆ పాట పాడితే చెరసాలేనని దండోరా వేయించి, ముందుగా పోలయ్యను చెరలో తోయించాడు.

పోలయ్య చెల్లెలు సింగమ్మ కోటలో వడ్లు దంచేది. భగవంతుడిచ్చిన గొంతు నొక్కడానికి ఈ దివానెవడని ఆమె మండిపడింది. మర్నాడు రాజుగారు అటుగా వస్తుంటే, పెదవి కదపకుండా అన్న పాట దరువులోనే రోటిలో రోకలి వేసింది.

రాజు వెంట ఉన్న దివాను ఉలిక్కిపడ్డాడు. "ఆపవే! మళ్లీ అదే పాటా?"

"ఏ పాట బాబయ్యా? నేను నోరే విప్పలేదే!"

"బుకాయించకు! 'గాదెల నిండా వడ్లుండె, మా గంజికి గింజ కరువాయె'... అదేగా!" అని రాగం తీసి మరీ వినిపించాడు.

సింగమ్మ రోకలి దించి రాజుకు దణ్ణం పెట్టింది. "విన్నారుగా మహాప్రభో! నేను దంచాను, పాడింది దివానుగారు. పాడటం నేరమైతే మా అన్న పక్కన ఆయనకూ చోటుంది. కాకపోతే మా అన్నకెందుకు చెర?"

రాజు ఇబ్బందిగా కదిలాడు. "సరే, చెర తలుపు తీయించండి. కానీ ఆ పాట ఇక వినపడకూడదు."

"అయితే గాదె తలుపు కూడా తీయించండి ప్రభూ," అంది సింగమ్మ. "ఆ తర్వాత పాడమని బతిమాలినా ఎవరూ పాడరు."