ఆముదం వాసన

ఓబులమ్మ చేని కొట్టానికి కాపలా భైరిగాడు. మూడు కుక్కల్లో వాడే పెద్ద. వాడి ముక్కు ఏం చెబితే అదే శాసనం. తక్కిన రెంటికీ కరవడం తెలుసు గానీ, ఎందుకని అడగడం తెలియదు.

అదే కొట్టంలో మైలోడనే ముసలెద్దు ఉండేవాడు. ఎండాకాలమంతా రాళ్ళబండి లాగి వాడి మోకాళ్ళు పట్టేశాయి. తొలకరి పడితే దున్నాల్సింది వాడే. ఆ దుక్కి సాగితేనే కొట్టంలో అందరికీ తిండి. అందుకని ఓబులమ్మ కొత్తగా వాడి రెండు మోకాళ్ళకూ ఆముదం మర్దనా మొదలుపెట్టింది.

కోళ్ళమీద కన్నేసిన నక్క ఇది కనిపెట్టింది. ఎద్దు మేతకు పోయిన వేళ చూసి, వాడు పడుకునే గడ్డిలో ఆముదం ఒళ్ళంతా అంటేలా పొర్లింది. తన కంపు ఆముదం కింద దాచుకుని దర్జాగా కోళ్ళగూటి వైపు నడిచింది. అయితే భైరిగాడికి ముక్కే కాదు, కళ్ళూ ఉన్నాయి. కుక్కలు మూడూ మీదపడి సగం తోక ఊడబీకితే, బతుకుజీవుడా అని గట్టు దాటింది.

నోట్లో మిగిలిన బొచ్చును భైరిగాడు ఉమ్మి, ఆ జిడ్డు వాసన తక్కిన రెంటికీ పట్టించాడు. ఇది ఎక్కడ తగిలినా ఎవరని చూడకుండా కరవమన్నాడు. అంతవరకూ వాడిని తప్పు పట్టడానికేమీ లేదు, కాపలావాడు చేసే పనే చేశాడు.

సాయంత్రం మైలోడు కొట్టం చేరాడు. చేరీ చేరగానే మూడూ వాడి మోకాళ్ళు పట్టుకున్నాయి.

"ఒరే భైరీ, నేనురా. నువ్వు కళ్ళు తెరిచింది నా మేత గాడి కిందే కదరా," అన్నాడు ఎద్దు.

"మొహం నీదే మావా, కాదనను. మోకాళ్ళు మాత్రం దొంగవి. నా ముక్కు అబద్ధం చెప్పదు."

కరిచిన చోట వాచింది, వేడెక్కి భగభగమంది. పాపం ఓబులమ్మ పాత నొప్పే ముదిరిందనుకుని ఇంకాస్త ఆముదం పట్టించింది. వాసన పెరిగింది, కాట్లూ పెరిగాయి. ఆ అరుపులకు పక్క కొట్టాల కుక్కలూ వచ్చి చేరాయి. వాటికీ భైరిగాడే పాఠం చెప్పాడు. తెల్లారి మైలోడు లేవబోతే మోకాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయేవి, పొద్దెక్కితే గానీ వంగేవి కావు. కుక్కలన్నీ ఎద్దు చుట్టూ మూగి ఉంటే, మొండితోక నక్క తీరిగ్గా వచ్చి కోడి తర్వాత కోడిని పట్టుకుపోయింది. గాలికి నక్క కంపు వచ్చినా భైరిగాడు తల తిప్పలేదు. ముందు ఇంట్లో దొంగ పని చూద్దామనుకున్నాడు.

తొలకరి పడింది. మైలోడు కాడి కిందికి రాలేకపోయాడు. అదను పోయింది, చేను గడ్డి పట్టింది. ఓబులమ్మ అంబలి కుండ బోర్లించింది.

ఖాళీ తొట్టి నాకి నాకి భైరిగాడు ఎద్దు దగ్గరకు వచ్చాడు.

"మావా, నా అంబలి ఏమైంది?"

"నీ అంబలి నా మోకాళ్ళమీద నడిచొచ్చేదిరా. వాటిని నువ్వే తినేశావు."

భైరిగాడికి అప్పటికి తెలిసొచ్చింది. సిగ్గుతో తల వంచాడు. వంచేసరికి ఆముదం వాసన గుప్పుమంది, తెలిసి కూడా కరవాలని వాడి పళ్ళు జివ్వుమన్నాయి. గట్టుమీద నక్క మూతికంటిన ఈకలు తుడుచుకుంటోంది.

తనవాళ్ళను గుర్తుపట్టలేని కాపలా దొంగతనం కంటే చేటు.