పూటకో గ్లాసు

మా పేరిశాస్త్రి గారిని ఏదైనా అడిగి సూటిగా జవాబు రాబట్టినవాళ్లు ఈ ఆసుపత్రిలో ఇంతవరకూ లేరు. అవుననరు, కాదనరు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఎప్పటిదో ఒక సంగతి ఎత్తుకుంటారు. ఇక నయం కాని రోగులను చూసుకునే ఈ చోట ఇరవై రెండేళ్లుగా నర్సుగా ఆయన పక్కన నిలబడుతున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ అలవాటు ఒక్కోసారి ఒళ్లు మండిస్తుంది.

మొన్న ఆయన శిష్యురాలు డాక్టర్ మృదుల అలాగే దొరికిపోయింది. ఆకలి చచ్చిపోయిన రోగులకు ఒంట్లో బలం కోసం ఇచ్చే అమైనో ఆమ్లాల పొడి ఇవ్వాలా వద్దా అన్నది ఆమె సందేహం. కొన్ని పరిశోధనలు మేలంటున్నాయట, కొన్ని తేడా ఏమీ లేదంటున్నాయట. నాలుగో మంచం మీది ముసలాయన కూతురు మాత్రం రాయమని ప్రాణాలు తోడేస్తోందట.

"మీరైతే రాస్తారా సార్?" అంది.

శాస్త్రిగారు కళ్లజోడు తీశారు. అయిపోయిందిరా బాబూ అనుకున్నాను.

ఆయన ఎత్తుకున్నది నేను ఇక్కడికి రాకముందు సంగతి. కోనసీమ నుంచి తాతబ్బాయి అని ఒకాయన చేరాడట, కొబ్బరి దింపు పనివాడు. కడుపులో క్యాన్సర్ ముదిరిపోయింది. అన్నం వాసనకే మొహం తిప్పేసుకునేవాడు. భార్య నూకరత్నం, మొగుడు ఎంగిలిపడనిదే తాను మెతుకు ముట్టని మనిషి. ఆయన తిండి మానేస్తే ఆమె కూడా మానేసింది. పైగా ఆమెకు చక్కెర జబ్బు. మాత్రలు మింగుతూ పస్తులుండి, మూడో రోజున వార్డులోనే దబ్బున పడిపోయింది. ఎందరు మొత్తుకున్నా, ఆయన తినకుండా నాకెలా దిగుతుందండీ అనేదట.

శాస్త్రిగారు అప్పట్లో కుర్ర డాక్టరు, మహా హుషారు. తాతబ్బాయికి ఈ పొడి రాశారు. పూటకో గ్లాసు నీళ్లలో కలిపి పట్టమన్నారు. ఇది తాగితే భోజనం చేసినట్టే అని నూకరత్నానికి నొక్కి చెప్పారు. ఆమె ఆ మాట అక్షరాలా పట్టుకుంది. ఆయన గ్లాసు ఖాళీ చేయగానే క్యారేజీ పట్టుకుని వరండాలోకి వెళ్లి తినడం మొదలుపెట్టింది. రెండు వారాలు ఒక్క గ్లాసు మిగల్లేదు. ఆకలి మెరుగైందని కేస్ షీటులో శాస్త్రిగారు తన చేత్తో రాసుకున్నారు. తాతబ్బాయి మాత్రం పుల్లలా అయిపోతున్నాడు.

ఒక మధ్యాహ్నం శాస్త్రిగారు వేళ కాని వేళ వార్డులోకి వెళ్లారు. నూకరత్నం వరండాలో తింటోంది. లోపల తాతబ్బాయి చప్పుడు బయటికి పోకుండా తువ్వాలు అడ్డం పెట్టుకుని, బేసినులోకి కక్కుకుంటున్నాడు. అందులో నెత్తురు చారలు కూడా ఉన్నాయి. శాస్త్రిగారికి కోపం ముంచుకొచ్చింది. ఇంత నరకం పడుతూ ఎందుకు తాగుతున్నావయ్యా, ఇప్పుడే ఆపించేస్తానన్నారు.

తాతబ్బాయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకండి బాబూ. నేను తాగితేనే గానీ అది తినదండి. దానికి ఈ సంగతి చెప్పకండి."

శాస్త్రిగారు చెప్పలేదు. ఆపనూ లేదు. పొడి పలచన చేయించారు, వాంతికి ఇంజెక్షను ముందుగానే ఇప్పించారు, అంతకు మించి ఏమీ చేయలేకపోయారు. ఆ తర్వాత పది రోజులూ ఆ మనిషి పూటపూటా గ్లాసు తాగి, భార్య గుమ్మం దాటేదాకా పళ్లు బిగబట్టి పడుకున్నాడు. పదకొండో రోజు పొద్దున పోయాడు. నూకరత్నం శాస్త్రిగారి దగ్గరికొచ్చి దణ్ణం పెట్టి, కడుపు నిండుగానే పోయాడండీ, మీ చలవ అందట. ఆ మాట చెప్పి ఆయన కళ్లజోడు మళ్లీ తుడుచుకున్నారు. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోను.

మృదుల ఎంతైనా చదువుకున్న పిల్ల కదా, ఊరుకోలేకపోయింది. ఇంతకీ ఆ పొడి పనిచేసినట్టా, చేయనట్టా అని నెమ్మదిగానే అడిగింది.

శాస్త్రిగారు నేల చూపులు చూశారు.

"దినాలయ్యాక నూకరత్నం చక్కెర పరీక్షకు వచ్చింది. వార్డులో పడిపోయిన నాటికంటే రెండు కిలోలు పెరిగింది," అన్నారు. "నేనే తూచాను."