ముద్రా? ముద్దా?

వేగవరాన్నేలే విజయభూపాలుడిది వింత ధోరణి. తనకు కడుపునొప్పి వస్తే రాజ్యమంతటికీ కషాయం తాగించే రకం. ఓసారి వేట నుంచి తిరిగొస్తూ, దారిలో ఎవడో అమ్మిన పాచిపోయిన పులిహోర ఆకలి మీద లాగించేశాడు. ఆ తర్వాత మంచం దిగితే ఒట్టు. కాస్త తేరుకోగానే దండోరా వేయించాడు.

“పదిమందికి వండిపెట్టే ప్రతి పొయ్యికీ రాజముద్ర ఉండాలి! ముద్ర లేని పొయ్యి వెలిగించినా, దాని మీద వండింది ముట్టుకున్నా నేరమే. గుడిసైనా కోటైనా ఒకటే న్యాయం!”

ముద్ర వేసే పెత్తనం దండిభట్టుకి దక్కింది. తన నాలుకను మించిన గీటురాయి లోకంలో లేదని ఆయనగారి గట్టి నమ్మకం. పైగా ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క పూటకూళ్ళ ఇల్లు ఆయన బావమరిదిదే. దానికి దండోరా మోత ఆగకముందే ముద్ర పడిపోయింది.

అదే ఊళ్ళో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉంది. మొగుడు పోయాక, బాటసారులకు భోజనం పెట్టి బతుకుదామని మెళ్ళో గొలుసు అమ్మి గుండిగలు కొనుక్కుంది. ముద్ర కోసం భట్టు దగ్గరకెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. రాజుగారికి తాంబూలం అందించే నారప్ప దారిలో ఎదురై ఏమైందని అడిగాడు.

“ముందు వండి రుచి చూపించు, తర్వాత ముద్ర వేస్తానన్నాడు నాయనా. సరేనని పొయ్యి వెలిగించబోతే, ముద్ర లేకుండా వెలిగిస్తే గుండిగలు లాక్కుపోతానంటాడు. ఇంక నేనెట్లా బతికేది?”

నారప్పకి ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది.

“ముద్ద లేనిదే ముద్ర లేదు, ముద్ర లేనిదే ముద్ద లేదు! బాగుంది వరస. నువ్వెళ్ళి రేపటికి వంకాయలు తెచ్చుకో పిన్నీ.”

మర్నాడు మధ్యాహ్నం రాజుగారి ముందు అరిటాకు పరిచారు. గుత్తివంకాయ కూర ఘుమఘుమలాడుతోంది. రాజు ముద్ద కలపబోయాడు. నారప్ప చేతులు కట్టుకుని అడ్డం వచ్చాడు.

“ప్రభూ, ముట్టుకోకండి! మన వంటశాలకు ముద్ర లేదు.”

రాజు గతుక్కుమన్నాడు. కోటైనా ఒకటే న్యాయమని తనే అన్నాడాయె! చెయ్యి వెనక్కి తీసుకుని భట్టుని పిలిపించాడు.

భట్టు పరుగున వచ్చి ముద్ర తీశాడు. “ఇదెంత పని ప్రభూ, ఇప్పుడే వేస్తాను!”

“రుచి చూడకుండానే?” అన్నాడు నారప్ప. “నిన్న ముద్ర కోసం వచ్చిన మాణిక్యమ్మని ముందు వండి రుచి చూపించమన్నారుగా?”

రాజు కనుబొమ్మ ముడిపడింది. భట్టు గబగబా కూర మీదికి చెయ్యి చాచాడు.

“అయ్యో భట్టుగారూ! ముద్ర లేని పొయ్యి మీది కూర. ముట్టుకుంటే నేరం!”

భట్టు చెయ్యి వెనక్కి పోయింది. ముద్ర వేయాలంటే రుచి చూడాలి, రుచి చూడాలంటే ముద్ర ఉండాలి. కూర చల్లారిపోతోంది. రాజుగారి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

“ఇంతకీ నాకు ముద్ద దిగేదెప్పుడురా?” అని అరిచాడు రాజు.

“మాణిక్యమ్మకి ముద్ర పడినప్పుడు ప్రభూ! నిన్నటిదాకా పాపం ఆవిడ ఒక్కతే పస్తు. ఇవాళ తమరు తోడయ్యారు.”

రాజు విస్తరి ఎగిరిపోయేలా నవ్వాడు. వడ్డించేవాళ్ళూ పగలబడి నవ్వారు.

“పొయ్యి శుభ్రంగా ఉంటే ముందు వెలిగించనివ్వండి, రుచి తర్వాత చూడండి. మొదటి ముద్ర మాణిక్యమ్మకి!” అంటూ చేతి కంకణం తీసి నారప్పకి తొడిగాడు. “ముద్ర వేసే పని ఇక నీది నారప్పా.”

“మరి నేనో ప్రభూ?” అన్నాడు భట్టు నీరసంగా.

“ముద్ర నారప్పది, ముద్ద నీది! రోజూ మాణిక్యమ్మ ఇంట్లోనే తిను, డబ్బిచ్చి!”