పరిమళాచారి గుహలో ఇరవైకి ఇరవై

తుమ్మెదకొండ అడవిలో కణుజు దుప్పులు, ముంగిసలు, కుందేళ్ళు, కౌజుపిట్టలు ఉండేవి. కొండ మీద ఒక ముసలి ఎలుగుబంటి మూలికల బడి నడిపేది. జ్వరానికి ఏ ఆకు వాడాలో, విరిగిన కాలికి ఏ ఆకు కట్టాలో అక్కడ నేర్పేవారు. ఆ బడిలో చదివి వచ్చిన జంతువు ఎదురైతే పులి కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేది.

బడిలో చేరాలంటే ఒక పరీక్ష ఉండేది. ఏటా చలి మొదలైన రోజుల్లో పెట్టేవారు. ఎలుగుబంటి మోదుగాకుతో కళ్ళకు గంతలు కట్టి, ఇరవై ఆకులు ఒక్కొక్కటే ముక్కు ముందు పెట్టేది. పదిహేనింటి పేర్లు సరిగ్గా చెబితే చోటు దొరికినట్టే. చీకట్లో, వానలో రోగి పిలిస్తే వాసన పట్టుకునే వెళ్ళి ఆకు తేవాలి కదా, అందుకని ఆ గంతలు.

నేరేడు అనే ముంగిస ఈ పరీక్షకు రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఆరు ఆకులు చెప్పింది. రెండోసారీ ఆరే చెప్పింది.

రెండోసారి ఓడిపోయిన రోజున అది తల వేలాడేసుకుని కొండ దిగుతుంటే, వెనకాలే కొమ్మరాజు వచ్చింది. కొమ్మరాజు కణుజుల మంద పెద్దకు కొడుకు. కొమ్ములంటే దానికి మహా గర్వం. దానికిది మూడో ఓటమి.

"ఏం నేరేడూ, ఎన్ని చెప్పావు?" అని అడిగింది.

"ఆరు."

"అయ్యో! రోజూ ఆకులు మేసే నోరు కదా, నాకు పదమూడు. మొదటి ఏడైతే పద్నాలుగు. ఒక్క ఆకు, ఒకే ఒక్క ఆకులో పోయింది! ఈసారి ఎలుగుబంటికి జలుబు చేసినట్టుంది, ఆకులు సరిగ్గా పట్టుకోలేదు. వచ్చే ఏడు చూడు నా సంగతి."

కొండ కింద పరిమళాచారి ఎదురుచూస్తోంది. అది పునుగుపిల్లి. పరీక్షకు వెళ్ళేవాళ్ళకు తన గుహలో ఏడాది పొడవునా పాఠాలు చెప్పేది. ఒంటి నుంచి వచ్చే పునుగు వాసన దానికన్నా ముందే నలుగురికీ చేరేది.

"బాధపడకండి నాయనలారా!" అంది పరిమళాచారి. "నా గుహలో మీకెన్ని వచ్చేవి?"

"ఇరవైకి ఇరవై మాస్టారూ!" అంది కొమ్మరాజు.

"మరి అక్కడెందుకు పోయింది? వణుకు! అంతా ఆ వణుకు వల్లే. ఇంకొక్క ఏడాది నా దగ్గర కూర్చోండి, వణుకు దానంతటదే పోతుంది. వచ్చేటప్పుడు ఈతపళ్ళు మాత్రం బాగా ముగ్గినవి తీసుకురండి."

కొమ్మరాజు అక్కడికక్కడే పేరు ఇచ్చేసింది. నేరేడు పేరు ఇవ్వకుండానే బొరియకి వెళ్ళిపోయింది. అక్కడ దానికి ఇంకో చిక్కు ఎదురైంది.

ఆ సాయంత్రమే కౌజుపిట్టల పెద్ద దాని బొరియ దగ్గరికి వచ్చింది. "అమ్మాయీ, మా గూళ్ళన్నీ నేల మీదే ఉంటాయి. పాములు గుడ్లు మింగేస్తున్నాయి. నువ్వు కాపలా ఉంటావా? ఏడాది పొడవునా తిండికి లోటుండదు, మా వాళ్ళంతా నిన్ను నెత్తిన పెట్టుకుంటారు. అమావాస్య నాటికి ఒక మాట చెప్పు. కుదరదంటే ఇంకో ముంగిసను చూసుకుంటాం," అంది.

అమావాస్యకు పదిహేను రోజులే ఉంది. కాపలా ఒప్పుకుంటే చదువు అక్కడితో ఆగిపోతుంది. ఒప్పుకోకపోతే చేతిలో ఉన్న మంచి పని జారిపోతుంది. మూడోసారి కూడా ఆరు దగ్గరే ఆగిపోతే రెంటికీ చెడి కూర్చోవాలి. నేరేడుకి తిండి సహించలేదు. ఆ రాత్రే మేనత్త రేగత్త దగ్గరికి పరుగెత్తింది.

రేగత్త చెవి ఒకటి నాగుపాము కాటుకి సగం ఊడిపోయింది. ఎనిమిది కరువులు చూసింది. బతుకంతా తన గోళ్ళతో తవ్వుకుని తిన్నదే తప్ప ఒకరు పెట్టింది తినలేదు. మెత్తగా మాట్లాడటం దానికి రాదు.

"అత్తా, మూడోసారి వెళ్ళమంటావా, మానేయమంటావా?" అని అడిగింది నేరేడు.

రేగత్త కస్సుమంది. "మూడోసారా, ముప్ఫయ్యోసారా అని నన్నడుగుతావేమే? అంకె చెప్పడానికి నేను జోస్యం చెప్పేదాన్నా? ఒక్కటి చెప్పు. మొదటిసారికీ రెండోసారికీ మధ్య నువ్వు కొత్తగా ఏం చేశావు?"

నేరేడు ఆలోచించింది. "రోజూ గుహకి వెళ్ళాను."

"అంతకు ముందు ఏడాది?"

"అప్పుడూ రోజూ వెళ్ళాను."

"పోయిన ఆకులు ఏవేవి? ఎందుకు పోయాయి?"

"వణుకు వల్ల అన్నారు మాస్టారు."

"నిన్నటి దాకా పడగ విప్పిన పాము ముందు నిలబడ్డ పిల్లవి నువ్వు! ముసలి ఎలుగుబంటిని చూసి వణికావా?"

నేరేడు తల అడ్డంగా ఊపింది. నిజానికి దానికి వణుకు రాలేదు. ఆకు ముక్కు ముందుకు వచ్చినప్పుడల్లా అది ఎప్పుడూ వాసన చూడని కొత్త ఆకులా అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

రేగత్త దాని మెడ దగ్గర ముక్కు పెట్టి చూసి, ఠక్కున వెనక్కి తీసుకుంది. "ఛీ ఛీ! ఒళ్ళంతా పునుగు వాసన! పద, వాగులో మునిగి రా!"

మునిగి వచ్చాక రేగత్త దాని కళ్ళు మూసి ఒక ఆకు నలిపి పెట్టింది. "ఇదేమిటి?"

"...తెలియదు."

"వావిలి! అడవంతా గుప్పుమనే వావిలి! నీకు ఇరవైకి ఇరవై ఎలా వచ్చేవే అక్కడ?"

అప్పుడు నేరేడుకి ఒక్కసారిగా వెలిగింది. గుహలో పరిమళాచారి రోజూ ఆకులు ఒకే వరసలో ఇచ్చేది. మొదట తిప్పతీగ, తర్వాత వావిలి, తర్వాత అడ్డసరం. మూడేళ్ళ పిల్ల అయినా వరస బట్టీ పట్టి చెప్పేయగలదు. ఇక వాసన సంగతంటారా, ఆ గుహలో తిప్పతీగకీ పునుగు వాసనే, వావిలికీ పునుగు వాసనే. రెండేళ్ళపాటు అది నేర్చుకున్నది పునుగుపిల్లి వాసన ఒక్కటే!

దానికి కోపంతో ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. "రెండేళ్ళు పోయాయి అత్తా!"

"పోయాయి. ఏడిస్తే రావు. ఇప్పుడు నీకు తెలిసింది కదా, ఎక్కడ తప్పో? అమావాస్యకు ఇంకా పదిహేను రోజులుంది. అందాకా నువ్వే అడవిలోకి వెళ్ళి ఆకు నలిపి చూడు. గాలికి ఎదురుగా నిలబడి చూడు. వానకు తడిసినదీ చూడు, ఎండకు వాడినదీ చూడు. అమావాస్య రోజున నేనే ఇరవై ఆకులు పెడతాను, వరస లేకుండా. ఆరు దాటలేదా, నోరు మూసుకుని కాపలాకి పో. అదేం తక్కువ పని కాదు, ఆ గుడ్లు కూడా ప్రాణాలే. పెరిగిందా, అప్పుడు నీ ఇష్టం."

నేరేడు ఆ పదిహేను రోజులు తెల్లవారుజామునే లేచింది. ఉత్తరేణి పొదల్లో దూరింది, నేలవేము మడుల్లో పొర్లింది. తప్పిన ప్రతి ఆకు దగ్గరికీ మళ్ళీ వెళ్ళింది. దారిలో పరిమళాచారి ఎదురై, "గుహకి రావటం లేదేం? ఇలా తిరిగితే ఉన్న ఆరూ పోతాయి," అని బెదిరించింది. నేరేడు ముక్కు మూసుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది.

అమావాస్య వచ్చింది. రేగత్త ఇరవై ఆకులు పెట్టింది. నేరేడు పదకొండు చెప్పింది.

"పదిహేను రోజుల్లో ఐదు పెరిగాయి అత్తా. ఏడాది ఉంటే ఇరవై అవుతాయి. నేను వెళ్తాను," అంది నేరేడు. గోటితో నేల మీద ఒక గీత గీసి మళ్ళీ అంది, "ఇదే ఆఖరుసారి. ఇది నువ్వు పెట్టిన గీత కాదు, నేనే గీసుకున్నాను. ఈసారి పోతే ఏ పని దొరికితే ఆ పనికి పోతాను."

రేగత్త సగం చెవి నిక్కబొడుచుకుంది.

నేరేడు తనే వెళ్ళి కౌజుపిట్టల పెద్దకు దండం పెట్టి, కుదరదని చెప్పింది. కాపలా పని ఇంకో ముంగిసకు వెళ్ళింది. అది పిట్టల మధ్య దర్జాగా తిరుగుతుంటే నేరేడు ఆగి ఆశగా చూసేది. అయినా మళ్ళీ పొదల్లోకే పోయేది.

గుహలో కొమ్మరాజు మాత్రం హాయిగా ఉంది. అందరికన్నా పాత విద్యార్థి కాబట్టి పరిమళాచారి దానిని ముందు వరసలో కూర్చోబెట్టింది. అది రోజూ ఇరవైకి ఇరవై చెప్పి కొమ్ములు ఎగరేసేది. ఒకరోజు నేరేడు గుహ బయటి నుంచే పిలిచి, "కొమ్మరాజా, ఆ వాసనలో ఏ ఆకూ తెలియదు. బయటికి వచ్చి ఒకసారి చూసుకో," అని చెప్పింది.

"ఆరు వచ్చినదానివి, పద్నాలుగు వచ్చినవాడికి చెబుతావా?" అని కొమ్మరాజు నవ్వింది. గుహంతా నవ్వింది.

ఏడాది తిరిగింది. చలి మొదలైంది. ఎలుగుబంటి నేరేడుకి గంతలు కట్టింది. మొదటి ఆకు సరస్వతి ఆకు. రెండోది తుమ్మి. ఏడోదీ పదో ఆకూ తప్పాయి. పదిహేడోది చేదుగా గొంతులోకి దిగింది. అది నేలవేము. గంతలు విప్పేసరికి పద్దెనిమిది లెక్క తేలింది.

"రేపటి నుంచి బడికి రా," అంది ఎలుగుబంటి.

తర్వాత కొమ్మరాజు వెళ్ళింది. తిప్పతీగ, వావిలి, అడ్డసరం అంటూ గుహ వరసంతా ఆకు వాసన కూడా చూడకుండా గడగడా అప్పజెప్పింది. ఎలుగుబంటి ఇంకా నాలుగో ఆకు తీయనేలేదు. వరసలో కాకతాళీయంగా కలిసినవి మూడే.

కొండ దిగేసరికి కొమ్మరాజు మంద అక్కడ లేదు. కణుజులు కొత్త పచ్చిక కోసం వాగు దాటి వెళ్ళిపోయాయి. నాలుగేళ్ళుగా గుహ విడిచి రాని కొమ్మరాజును వదిలేసి, మందను నడిపించే చోటు దాని తమ్ముడికి ఇచ్చేశాయి.

కొమ్మరాజు కోపమంతా, నేరేడు కోసం కొండ కిందికి వచ్చిన రేగత్త మీద చూపించింది. "మీ పిల్లది మూడోసారికే గెలిచింది, నేను నాలుగుసార్లు వెళ్ళాను! నాకన్నా పట్టుదల ఎవరికుంది?"

"నాలుగుసార్లు ఎక్కడ వెళ్ళావు నాయనా?" అంది రేగత్త. "మొదటిసారే నాలుగుమాట్లు వెళ్ళొచ్చావు."

నీతి: ఓడిన పరీక్షకు మళ్ళీ వెళ్ళడం తప్పు కాదు, ఎందుకు ఓడామో తెలుసుకోకుండా, ఏమీ మార్చుకోకుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళడం పట్టుదల కాదు, మొండితనం.